మేడ ప్లాను చూశాక మేనల్లుడికి రాసిన ఉత్తరం

చిరంజీవి సూర్యానికి మావయ్య ఆశీస్సులు.

మస్కట్ నుంచి నువ్వు పంపిన ప్లాను చూశాను. కింద మూడు గదులు, పైన మూడు, రోడ్డు వైపు అద్దాల బాల్కనీ. బొమ్మ బాగానే ఉంది. ఆ ఆరు గదుల్లో పడుకునేది ఎవరు? ఉండేది అక్కా, బావా ఇద్దరే. బావ మోకాళ్ళతో మెట్లెక్కలేడు. మన వానలకి, ఉక్కకి తాళం వేసిన గది రెండేళ్ళలో చెదలకీ గబ్బిలాలకీ నివాసమైపోతుంది. కింద రెండు గదులు, వంటిల్లు, గడప లేని బాత్రూం, పడమటెండ ఆపే వెడల్పాటి వరండా చాలు. పునాదులు మాత్రం రెండంతస్తులకి సరిపడా వేయించు. పైన వదిలే చువ్వలు తుప్పు పట్టకుండా పల్చటి కాంక్రీటుతో కప్పమను. మిగతాది నువ్వు తిరిగొచ్చాక చూద్దువు.

డబ్బు పంపే ముందు కాగితాలు చూడాలి. బావ చూపించిన చెరువు పక్క మడి పట్టాలో ‘శారద’ అని ఉంది, అంటే వరిపొలం. అక్కడ ఇల్లు లేపాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద తహసీల్దారు దగ్గర ‘ఘరబారి’గా, అంటే ఇంటి స్థలంగా, మార్పించుకోవాలి. అది కాకుండా లోను కోసం బ్యాంకుకి వెళ్ళడం దండగ. పక్క మడి కూడా నీ పేరున కొంటానన్నావట. విదేశంలో ఉంటున్నవాళ్ళు ఇల్లు కొనుక్కోవచ్చు, వ్యవసాయ భూమి కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, దానికి అడ్డు లేదు. గుమ్మా వైపు చవగ్గా ఇప్పిస్తానని బ్రోకరు ఫోన్ చేస్తే పెట్టెయ్. అది షెడ్యూల్డు ప్రాంతం, ఆదివాసీల భూమి మనకి అమ్మడం 1956 రెగ్యులేషన్ ప్రకారం చెల్లదు. చట్టం మాట అటుంచు, సవరల పొలం మీద కన్నెయ్యడం నాకు నచ్చదు.

పవర్ ఆఫ్ అటార్నీ నా పేరున రాస్తానన్నావు, సంతోషం. కట్టడం పనుల వరకే రాయి, అమ్మే హక్కు నాకైనా ఇవ్వకు. ఎంబసీలో సంతకం చేయించి పంపు. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, అది నేను చూసుకుంటాను.

ఇక గాలి సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఊడ్చేసింది. రేకులు లేచిపోయాయి, కొండవాలు జారిపడింది. అందుకే కొండ అంచుని తొలిచి చదును చేసిన స్థలం ఎంత అందంగా ఉన్నా వద్దు. అద్దాల బాల్కనీ అసలే వద్దు. మహేంద్రతనయ నది పొంగినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్ళో ముసలమ్మల్ని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. పునాది అంతకన్నా ఎత్తుండాలి. రోడ్డు కొత్తగా వేసినప్పుడల్లా జానెడు లేస్తోంది కాబట్టి ఇవాళ్టి రోడ్డుని చూసి కొలత తీసుకోకు. లేకపోతే వానాకాలం వీధి నీళ్ళు నడవాలోకొస్తాయి.

పాత పెంకుటిల్లు పడగొట్టొద్దు. వేసవిలో మీ నాన్న మధ్యాహ్నం నిద్ర దానికిందే. పెంకులు తిరగనేసి, చెడిపోయిన వాసాలు మార్పిస్తే చాలు. శ్లాబు ఇల్లు ఆ మడిలో కాకుండా దీని వెనక దొడ్లో కట్టుకో. తుపానొస్తే చుట్టుపక్కలవాళ్ళు కూడా అందులోకే వస్తారు, వరండా పెద్దది పెట్టమన్నది అందుకు కూడా.

మంచి మేస్త్రీలందరూ సూరత్, బెంగళూరు పోయారు. ఉన్నవాళ్ళు ఒకేసారి నాలుగు పనులు ఒప్పుకుంటారు. అడ్వాన్సు ఒకేసారి ఇవ్వకు, పని లెవెల్ చూసి విడతలుగా పంపు. మాఘంలో శంకుస్థాపన పెట్టుకుంటే వానలు దిగేలోగా శ్లాబు పడుతుంది. నీ సెలవు గృహప్రవేశానికని దాచుకోకు, శ్లాబు వేసే రోజుకి రా. ఆ తర్వాత కనీసం పది రోజులు నీళ్ళు కట్టించి తడిపించాలి. నువ్వుంటే తడుపుతారు, నేనుంటే రేపంటారు.

ప్లాను మార్చి పంపు. అక్క గదికి బాత్రూం ఏ పక్కన పెడుతున్నావో విడిగా రాయి.

మీ మావయ్య
పర్లాకిమిడి