కాంపోజిట్ ప్యానల్ పగిలితే నేరుగా సెమ్‌కి పంపొచ్చా?

గ్లాస్ ఎపాక్సీ (గాజు ఫైబర్ పొరల్ని ఎపాక్సీ రెజిన్ అనే జిగురుతో అంటించిన) ప్యానల్ మూల వంపు దగ్గర పగిలింది, ముక్క కోసి సెమ్‌కి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి) పంపితే కారణం తేలిపోతుందా అని అడిగారు కదా. తేలదండి. నేను బెంగళూరులో పీణ్యా వైపు ఒక కాంపోజిట్ యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను, మా దగ్గరా ఇలాంటి ఎల్ ఆకారం ప్యానలే వంపు దగ్గర పొరలు విడిపోయి తిరిగొచ్చింది, అందరూ రెజిన్ బ్యాచ్ బాలేదని సప్లయర్ మీద పడ్డారు (మామూలే, ఏం జరిగినా ముందు రెజిన్‌నే తిడతారు).

ముందు ఆ పగిలిన రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి సరిపోతున్నాయా అని చూడకండి, ప్రతి ఒక్కరూ చేసే పని అదే, దాంతో ఫ్రాక్చర్ మీదున్న గుర్తులన్నీ అరిగిపోతాయి. ఫోటోలు తీసి, చుట్టూ రూపాయి బిళ్ళతో కొట్టుకుంటూ వెళ్ళండి, బాగున్న చోట ఖంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది, అక్కడ పెన్‌తో గీత పెట్టుకోండి. సీ-స్కాన్ (అల్ట్రాసౌండ్‌తో లోపల చూసే పరీక్ష) దొరికితే ఇంకా మంచిది.

మేము డీఎస్‌సీ (ముక్కని వేడి చేస్తూ చూసే పరీక్ష) చేయిస్తే టీజీ (రెజిన్ మెత్తబడే ఉష్ణోగ్రత) సరిగ్గానే వచ్చింది, అంటే క్యూరింగ్‌లో, రెజిన్ గట్టిపడటంలో తేడా లేదు. తర్వాత వంపుని నీళ్ళు పోస్తూ డైమండ్ బ్లేడ్‌తో అడ్డంగా కోసి పాలిష్ చేసి మామూలు మైక్రోస్కోప్ కింద పెడితే, పొరల మధ్య నల్లటి వాయిడ్స్ (ఖాళీలు) వరసగా ఉన్నాయి, అదీ వంపులోనే, చదునుగా ఉన్న చోట దాదాపు లేవు. లేఅప్ చేసే (పొరలు పేర్చే) అన్నని అడిగితే అసలు సంగతి బయటపడింది, వ్యాక్యూమ్ బ్యాగ్ (గాలి తీసేసి పొరల్ని అదిమే ప్లాస్టిక్ సంచి) మూలలోకి దిగకుండా పైనే బిగుసుకుపోతోందట, ఇక అక్కడ ప్రెషర్ ఎక్కడిది. వంపు తెరుచుకునేలా లోడ్ పడితే పొరల్ని మందం దిశలో లాగుతుంది, ఆ దిశలో ఫైబర్ ఉండదు, మోసేది ఒట్టి రెజినే, అందులోనూ వాయిడ్స్ ఉంటే ఇంకేం ఆగుతుంది. బ్యాగ్‌లో మూల దగ్గర ప్లీట్ (వదులు మడత) వదలమన్నాం, సమస్య పోయింది.

సెమ్ వద్దనట్లేదు, ఒక ప్రశ్న పట్టుకుని వెళ్ళండి. ఫైబర్ నున్నగా బోడిగా కనిపిస్తే ఫైబర్‌కీ రెజిన్‌కీ మధ్య బాండింగ్ బలహీనం, రెజిన్ అంటుకుని ఉంటే తెగింది మ్యాట్రిక్స్‌లో, అంటే రెజిన్‌లోనే, రెజిన్ మీద హ్యాకిల్స్ (వాలుగా లేచిన చిన్న పెచ్చులు) వరసగా లేచుంటే షియర్ (పొరల్ని ఒకదానిమీద ఒకటి జరిపే బలం) ఉందన్నమాట. ఫైబర్ శాతం కావాలంటే గ్లాస్ ముక్కని 565 డిగ్రీల దగ్గర కాల్చి, రెజిన్ పోయాక మిగిలింది తూచొచ్చు, కార్బన్‌కి మాత్రం ఇలా చేయకండి, గాలిలో ఫైబర్ కూడా కాలిపోతుంది, దానికి యాసిడ్ డైజెషనే (రెజిన్‌ని యాసిడ్‌తో కరిగించడం).

మీది హ్యాండ్ లేఅప్పా, వ్యాక్యూమ్ బ్యాగా? పగులు వంపు లోపలి వైపు మొదలైందా, బయటి వైపా? అది రాస్తే ఇంకొంచెం చెప్పగలను.