నాన్నగారి లెక్కల పుస్తకం

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉంటాను. నాన్నగారికి 72 ఏళ్లు. అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచి కొబ్బరితోట, కౌలు లెక్కలు తమ్ముడే చూస్తున్నాడు. ‘మీరు కూర్చోండి నాన్నా’ అంటూ ఆయన్ని ఏ పనీ ముట్టుకోనివ్వడు. ఈ మధ్య చెప్పిందే చెబుతున్నారు, పేర్లు మర్చిపోతున్నారు. దింపు రోజున కాయల లెక్క రాసుకునే పుస్తకం మాత్రం ఇప్పటికీ తలగడ కిందే ఉంటుంది. ‘నాతో ఇంకేం పనుందమ్మా’ అంటారు. తాతయ్యకు కూడా చివర్లో మతి పోయింది. నాన్నగారికీ డిమెన్షియా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. మనసు సంతోషంగా ఉంటే ఆ జబ్బు రాదంటారు, నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు ఆయన్ని కాకినాడో రాజమండ్రో తీసుకెళ్లి న్యూరాలజిస్టుకు చూపించండి. వయసు మీద పడింది కదా అని ఊరుకోవద్దు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు వస్తుంది. వీటికి వైద్యం ఉంది. తాతయ్యకు వచ్చింది కాబట్టి నాన్నగారికి వచ్చి తీరుతుందనీ లేదు.

చెవులు కూడా పరీక్ష చేయించండి. సరిగా వినబడని మనిషి అడిగిందే అడుగుతాడు, మెల్లగా నలుగురిలోకి వెళ్లడం మానేస్తాడు. డిమెన్షియాను పెంచే 14 కారణాలను సరిచూసుకుంటే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. బీపీ, షుగర్‌తో పాటు వినికిడి లోపం, డిప్రెషన్, నలుగురికీ దూరం కావడం కూడా అందులో ఉన్నాయి.

ఇక మీ ప్రశ్న. షికాగోలోని రష్ యూనివర్సిటీ వాళ్లు 900 మందికి పైగా పెద్దవాళ్లను ఏడేళ్ల దాకా గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. ‘నా బతుక్కో అర్థం ఉంది’ అని గట్టిగా అనుకునేవాళ్లు అల్జీమర్స్ (డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం) రాకుండా ఉండే అవకాశం, అలా అనిపించనివాళ్ల కంటే సుమారు 2.4 రెట్లు ఎక్కువగా కనిపించింది. అయితే జబ్బు మొదలయ్యేటప్పుడే దేనిమీదా ఆసక్తి లేకుండా పోవడమూ ఉంది. అందుకని సంతోషంగా ఉంటే రాదని నేను మాటివ్వలేను. ‘కాస్త హుషారుగా ఉండండి నాన్నగారూ’ అని ఆయన మీద బరువూ పెట్టకండి.

తమ్ముడితో గొడవ వద్దు. ప్రేమతోనే చేశాడు. కానీ భార్య పోయిన మనిషి చేతిలోంచి పని కూడా తీసేస్తే ఆయనకు పొద్దెలా గడుస్తుంది? వచ్చే దింపుకు తోటలో కుర్చీ వేయించి, ఆ పుస్తకం, పెన్ను ఆయన చేతికే ఇమ్మనండి. డబ్బు వ్యవహారం తమ్ముడి దగ్గరే ఉండనివ్వండి. కాయల లెక్క మాత్రం నాన్నగారిది. తప్పు పోతే కూలీల ముందు దిద్దకూడదు, రాత్రికి ఇద్దరూ కూర్చుని సరిచూసుకోవచ్చు. సాయంత్రం కాలవగట్టు మీద నడవడానికి తోడుగా ఎవరో ఒకరు ఉండేలా చూడండి.

అమ్మ గురించి ఆయనతో ఎవరైనా మాట్లాడుతున్నారా? మీరు మొదలుపెట్టండి, ఏడిస్తే ఏడవనివ్వండి. మీకే దిగులు ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

రోజూ ఫోన్‌లో తిన్నారా, మందులేసుకున్నారా అని అడుగుతూనే ఉంటారు. దింపు అయిన రాత్రి మాత్రం ‘ఈసారి ఎన్ని కాయలు దిగాయి నాన్నగారూ?’ అని అడగండి. ఆయన కళ్లజోడు వెతుక్కుని, పుస్తకం తీసి, పేజీ తిప్పి చెప్పేదాకా లైన్‌లోనే ఉండండి.