ఇడ్లీ పిండి రోజూ ఎంత రుబ్బాలి? సగటు అమ్మకం చూసుకుంటే చాలదా?

ఒకరోజు ప్యాకెట్లు మిగిలిపోతున్నాయి, ఇంకోరోజు చాలడం లేదు, కాబట్టి సగటు లెక్కన చేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సరిపోదు. మిగిలితే పోయే డబ్బూ, చాలకపోతే పోయే లాభమూ సాధారణంగా సమానంగా ఉండవు.

ఉదాహరణకి ప్యాకెట్ ఖర్చు 40 రూపాయలు, అమ్మే ధర 60 అనుకోండి. ఒకటి తక్కువైతే పోయేది 20, ఒకటి మిగిలి పారేస్తే పోయేది 40. 20ని, ఈ రెండూ కలిపిన 60తో భాగిస్తే మూడో వంతు. అంటే గత 30 రోజుల గిరాకీని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరసగా రాసి, పదో స్థానంలో ఉన్న అంకె దగ్గర ఆగాలి. ఇది చాలాసార్లు సగటుకన్నా తక్కువే వస్తుంది. ఖర్చు 20 మాత్రమే అయితే ఇరవయ్యో స్థానం దాకా వెళ్లొచ్చు. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తగ్గింపు ధరకి అమ్మగలిగితే నష్టం తగ్గుతుంది, అప్పుడు ఇంకాస్త ఎక్కువ చేయొచ్చు.

చాలామంది తప్పేది లెక్కలో కాదు, పద్దులో. సాయంత్రం ఆరుకే సరుకు అయిపోయిన రోజున అమ్మినదే గిరాకీ అని రాసుకుంటారు. ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లనీ రాయాలి. శనివారాలు రాత్రి టిఫిన్‌తో సరిపెట్టుకునేవాళ్లు ఎక్కువ, కార్తీక సోమవారాలూ అంతే. వాటి లెక్క విడిగా ఉంచండి.

వీలైతే రెండు విడతలుగా రుబ్బండి. ఎండాకాలంలో పిండి తొందరగా పులుస్తుంది కాబట్టి అప్పుడిది తప్పనిసరి.