ఓడ సరుకును 6000తో భాగించకండి

ఒకే సరుకుకు విమాన, ఓడ ఛార్జీలు లెక్కించిన మీ అసైన్‌మెంట్‌లో విమాన ఛార్జీ సరిగానే ఉంది. ఓడ ఛార్జీ ఆరో వంతుకు పడిపోవడానికి కారణం, రెండింటికీ ఒకే భాజకం వాడడం.

మీరిచ్చిన సరుకు: 10 పెట్టెలు, ఒక్కొక్కటి 60×50×40 సెం.మీ., 12 కిలోలు.

1. విమానం: ఒక పెట్టె ఘనపరిమాణాన్ని (ఘన సెం.మీ.లో) 6000తో భాగిస్తే, అది ఆక్రమించే చోటుకు లెక్కగట్టే బరువు వస్తుంది: 1,20,000 ÷ 6000 = 20 కిలోలు. పదింటికి 200. అసలు బరువు 120. ఎక్కువైన 200కే ఛార్జీ.

2. ఓడ (కంటైనర్‌లో కొంత చోటే తీసుకుంటే): ఘన మీటర్లను టన్నులతో నేరుగా పోల్చాలి. తెలివైన విద్యార్థులు కూడా పొరబడేది ఇక్కడే. ఘనపరిమాణం 1.2 ఘన మీటర్లు, బరువు 0.12 టన్ను. ఛార్జీ 1.2కు. మీరు 200 కిలోలను 0.2 టన్నుగా మార్చి వేశారు.

కొరియర్ పట్టికల్లో 6000కు బదులు తరచూ కనిపించే 5000 భాజకాన్ని, ప్రశ్నలో ఇస్తేనే వాడండి.