దెబ్బ ఒకచోట, చప్పుడు ఒకచోట

ప్రశ్న: మా తాతగారు తప్పెటగుళ్లు ఆడతారు. ఊళ్లో పండగకి వాళ్ల ఆట సాయంత్రం పూట 40 నిమిషాలు ఫోన్‌తో తీశాను. చప్పుడు బాగా రావాలని తమ్ముడు ఒక చిన్న వాయిస్ రికార్డర్ కూడా వాళ్లకి దగ్గరగా పెట్టాడు. రెండూ షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి కలిపితే మొదట్లో బాగానే ఉంది, చివరికొచ్చేసరికి చెయ్యి తప్పెట మీద పడిన దాదాపు సెకనుకి చప్పుడు వస్తోంది. మూడు రాత్రులు ముక్కలు కోసి జరిపాను, ఒకచోట కుదిరితే ఇంకోచోట పోతోంది. తాత చూసి "దెబ్బ నాదే గానీ సప్పుడు నాది కాదే అమ్మా" అన్నారు. ఏం చెయ్యాలి?
(నెల్లిమర్ల నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు తాతగారికి నా నమస్కారం చెప్పండమ్మా. మాట్లాడే మనిషి పెదవులు కాస్త అటూ ఇటూ అయినా మన కళ్లు సర్దుకుంటాయి, కానీ రొమ్మున కట్టుకున్న తప్పెట మీద రెండు చేతులూ పడే ఆటలో, అదీ బృందమంతా ఒకే దెబ్బ వేస్తున్నప్పుడు, కొంచెం తేడా వచ్చినా ఆటే చెడిపోయినట్టు ఉంటుంది. ఆయన ఒప్పుకోకపోవడం న్యాయమే.

ఇక కోయడం ఆపేయండి. మొదట్లో ఒక దెబ్బ, మధ్యలో ఒకటి, చివర ఒకటి చూసి తేడా ఎంతుందో కాగితం మీద రాసుకోండి. మూడుచోట్లా ఒకటే అయితే మొత్తం ఆడియోని ఒక్కసారి జరిపితే పనైపోతుంది. మీకు పెరుగుతూ పోతోంది, అంటే బొమ్మ ఒక వేగంతో, చప్పుడు ఇంకో వేగంతో నడుస్తున్నాయి. అలాంటప్పుడు ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కలోనూ ఆ తేడా మళ్లీ మొదలవుతుంది, మీ మూడు రాత్రులూ అలాగే పోయాయి. ఈ పరీక్ష చేసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం వాడకండి, అవి సొంతంగా కొంత ఆలస్యం కలుపుతాయి. పాత ల్యాప్‌టాప్‌లో ప్రివ్యూ తడబడుతుంది కాబట్టి దాన్నీ నమ్మొద్దు, ఒక్క నిమిషం ముక్కని ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి.

అసలు కారణం చాలావరకు ఫోనే. సెకనుకి 30 ఫ్రేములు (అంటే 30 విడి బొమ్మలు) అని సెట్టింగ్‌లో ఉంటుంది కానీ ఫోను ఖచ్చితంగా 30 తీయదు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు తీసుకుంటుంది, అప్పుడు సెకనుకి 24, 27 ఇలా మారుతూ ఉంటాయి. పొద్దు వాలాక, ట్యూబ్‌లైట్ల కింద తీసిన వీడియోల్లో ఇది బాగా కనిపిస్తుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఏ ఫ్రేము ఏ క్షణానిదో ఫైల్‌లో రాసే ఉంటుంది, ఫోన్ గ్యాలరీ దాన్ని చూసుకుంటూ ఆడిస్తుంది గనక అక్కడ ఏ తేడా తెలియదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఫ్రేములు సమానంగా ఉండాలి. లెక్క కుదరక బొమ్మ ముందుకు పరిగెడుతుంది, చప్పుడు వెనకబడుతుంది. అనుమానముంటే మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఫైల్ తెరవండి, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉంటే సంగతి తేలిపోయినట్టే.

మందు కూడా ఉచితమే. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌లో ఆ ఫైల్ వేసి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేట్ 30 పెట్టి, కింద కాన్‌స్టంట్ ఎంచుకుని మార్చుకోండి. షాట్‌కట్ కూడా ఇలాంటి ఫైల్ వేయగానే ఎడిటింగ్‌కి అనువుగా మార్చమంటావా అని అడుగుతుంది, చాలామంది తొందరలో వద్దని నొక్కేస్తారు. అవునని నొక్కండి, టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. అసలు ఫైల్ మాత్రం చెరిపేయకండి, తాతగారి ఆట మళ్లీ అదే సాయంత్రంలా దొరకదు.

ఇప్పుడు రికార్డర్ సంగతి. దాన్ని బొమ్మ చూసి కలపకండి, ఫోన్‌లో పడిన చప్పుడుతో కలపండి. రెండు ఆడియోలూ పైనా కిందా పెడితే దెబ్బ పడిన ప్రతిచోటా గీత పైకి లేచి కనిపిస్తుంది, ఆ శిఖరాలు కలిపితే చాలు. షాట్‌కట్‌లో అలైన్ టు రిఫరెన్స్ ట్రాక్ అనే సదుపాయం ఈ పని తనే చేస్తుంది. అయినా చివర్లో కొద్దిగా తేడా మిగలొచ్చు, ఎందుకంటే ఫోన్ లోపలి గడియారం, రికార్డర్ లోపలి గడియారం అచ్చంగా ఒకేలా నడవవు. దానికి వేగం లెక్కలు కట్టొచ్చు కానీ నా సలహా వేరు: పాటకీ పాటకీ మధ్య వాళ్లు ఊపిరి తీసుకునే చోట కోసి, ప్రతి పాటనీ దాని మొదటి దెబ్బ దగ్గర మళ్లీ కలపండి. ఒక్క పాటలో వచ్చే తేడా ఎవరి కంటికీ ఆనదు.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. మీరు ఎంత దూరం నుంచి తీశారు? చంపావతి అవతలి ఒడ్డున ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే దెబ్బ కనిపించాకే చప్పుడు వినిపిస్తుంది కదా, ఇదీ అంతే. చప్పుడు సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది, అంటే ఒక ఫ్రేము కాలంలో 11 మీటర్లు. 22 మీటర్ల దూరంలో నిలబడి తీస్తే ఫోన్ చప్పుడే రెండు ఫ్రేములు ఆలస్యం. అందుకని అన్నీ కలిపాక మొత్తం ఆడియోని ఆ రెండు ఫ్రేములూ ముందే వినిపించేలా ఎడమవైపుకి లాగండి. అంతకుమించి లాగొద్దు. చప్పుడు కాస్త వెనకపడితే మనకి అలవాటే, చెయ్యి పడకముందే వినిపిస్తే మాత్రం వెంటనే దొరికిపోతుంది. టీవీ ప్రసారాలకి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెప్పిన లెక్కలో కూడా, చప్పుడు ముందొస్తే 45 మిల్లీసెకన్లకే మనిషి కనిపెడతాడు, ఆలస్యమైతే 125 దాకా పట్టించుకోడు.

వచ్చే ఏడాది తీసేటప్పుడు ఫోనూ రికార్డరూ రెండూ ఆన్ చేసి, కెమెరాకి కనిపించేలా ఒక్క చప్పట కొట్టించండి, ఆ చప్పుడు దగ్గరే రెండూ కలపొచ్చు. చివర్లో ఇంకొకటి.

ప్రశ్న: మా పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ని యూఎస్‌బీ క్యాప్చర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. తాళి కట్టేసరికి మేళం ముందే మోగిపోతోంది.
(శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆడియో తీగ ఎక్కడ పెట్టారో చూడండి. బొమ్మ క్యాప్చర్ పరికరంలోకి, చప్పుడు ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి వెళ్తుంటే రెండూ విడిపోతాయి, రెండు తీగలూ ఆ పరికరానికే ఇవ్వండి. మన క్యాసెట్లు పాల్ (PAL) అనే టీవీ పద్ధతివి కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, ఆడియో 48,000 హెర్ట్జ్ పెట్టండి. తేడా నెమ్మదిగా కాకుండా ఉన్నట్టుండి గెంతితే టేపు అరిగిన చోట ఫ్రేములు జారిపోతున్నాయి. వీసీఆర్ హెడ్ శుభ్రం చేయించి, మొత్తం ఒకేసారి కాకుండా 20 నిమిషాల చొప్పున ఎక్కించండి.

ప్రశ్న: ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో సరిగ్గా ఉన్న వీడియో టీవీలో మాత్రం పెదవులకి కలవడం లేదు.
(టెక్కలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వీడియోని ముట్టుకోకండి. సౌండ్‌బార్ ఉంటే తీసేసి టీవీ స్పీకర్‌తోనే చూడండి, అప్పుడు కలిస్తే టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో గానీ సౌండ్‌బార్‌లో గానీ ఆడియో డిలే లేదా లిప్ సింక్ అని ఉంటుంది, అక్కడ సర్దుకోండి.