ఫుట్‌బాల్ క్లబ్ మహిళల జట్టు మీద డబ్బు పెట్టడం దండగేనా?

మీరు అడిగింది: "మగవాళ్ల జట్టుకే స్పాన్సర్ దొరకడం లేదు, అమ్మాయిల మ్యాచ్‌లకి జనం రారు, అలాంటప్పుడు క్లబ్ మహిళల జట్టు ఎందుకు పెట్టాలి?" అని. పెట్టాలి అనే నా జవాబు. కాకపోతే ఈ మాట చెప్తున్నవాడు ఒకసారి జట్టు పెట్టి, ఏడాది తిరిగేసరికి ఎత్తేసి, ఇంట్లో భార్యతో సహా అందరి చేతా తిట్లు తిని మళ్లీ పెట్టినవాడు, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

సికింద్రాబాద్ వైపు మాకో చిన్న క్లబ్ ఉంది. పేరు చెప్పినా మీకు తెలియదు. సిటీ లీగ్‌లో కింది డివిజన్‌లో ఆడుతుంది, పొద్దునా సాయంత్రం పిల్లలకి కోచింగ్ ఉంటుంది. నేను ఆడింది తక్కువ, మోకాలు పోయాక లెక్కలు రాసే పని నా నెత్తిన పడింది. బ్యాంకులో పనిచేస్తాను కదా, అదే నేను చేసిన పాపం. అందుకని రూపాయి ఎటు పోతుందో నాకు బాగా తెలుసు. మా సీనియర్ మగవాళ్ల జట్టు ఖర్చు అంటే లీగ్ ఎంట్రీ, జెర్సీలు, గ్రౌండ్ అద్దె, మ్యాచ్ అయ్యాక బిర్యానీ. ఆదాయం అంటే ఒక టైల్స్ షాపాయన ఏడాదికోసారి ఇచ్చే పదిహేను వేలు. మిగతాదంతా మా జేబుల్లోంచే. ఇరవై ఏళ్లుగా ఇదే లెక్క. ఈ ఇరవై ఏళ్లలో ఒక్క మీటింగ్‌లో కూడా "మగవాళ్ల జట్టు వల్ల మనకేంటి లాభం?" అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. 2022లో అమ్మాయిల జట్టు మాట ఎత్తగానే మొదటి ప్రశ్న అదే వచ్చింది.

మొదటి రోజు ఏడుగురు వచ్చారు, అందులో నలుగురు మా దగ్గర ఆడే అబ్బాయిల చెల్లెళ్లే. ఒకమ్మాయి స్కూలు బూట్లతో వచ్చింది, ఇంకో పిల్ల చెప్పులతో. మా స్టోర్‌రూమ్‌లో ఉన్న స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) అన్నీ ఏడు, ఎనిమిది సైజులు, ఈ పిల్లల పాదాలేమో మూడు, నాలుగు. ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని, రెండేసి జతల సాక్స్ వేసుకుని పదిహేను రోజులు అలాగే ఆడారు. జెర్సీల సంగతి సరే, మోకాళ్ల దాకా వేలాడేవి.

ఇవన్నీ చిన్నవే, కొంటే తీరిపోతాయి. అసలు కష్టం నాకు తట్టనే లేదు. మూడో వారంలో కోచ్ వచ్చి, "అన్నా, ఆడపిల్లలు నీళ్లు తాగుతలేరు" అన్నాడు. మే నెల, సాయంత్రం ఐదింటికి కూడా గ్రౌండ్ పొయ్యి మీద పెనంలా ఉంటుంది, గంటన్నర పరుగులు పెడతారు, నీళ్ల బాటిల్ మాత్రం నిండుగా ఎలా వచ్చిందో అలాగే ఇంటికి వెళ్తోంది. ఎందుకో మా ఆవిడ చెప్తే గానీ నాకు అర్థం కాలేదు. గ్రౌండ్‌లో బాత్రూమ్ లేదు. మగపిల్లలకి గోడ ఉంది, ఇరవై ఏళ్లుగా ఆ గోడే ఉంది, మాకెవరికీ అది సమస్యగా కనపడలేదు. ఎదురుగా టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడని అడిగి, వాళ్ల ఇంటి బాత్రూమ్ వాడుకోవడానికి నెలకి వెయ్యి మాట్లాడాం, బేరమాడితే ఎనిమిది వందలకి ఒప్పుకుంది. నా లెక్కల పుస్తకంలో ఫుట్‌బాల్ ఖర్చు కింద రాసిన వాటిలో అంత విలువైన ఎనిమిది వందలు ఇంకోటి లేదు.

తర్వాత ఆటో. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడుతుంది. మొదటి నెల్లోనే ఒకమ్మాయి వాళ్లమ్మ వచ్చి మొహం మీదే అడిగింది: "పిల్ల ఆడుతది సార్, మంచిగనే ఆడుతది, గానీ ఏడింటికి ఒక్కతి ఎట్లొస్తది?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక ఆటో అతన్ని మాట్లాడాం, నెలకి ఆరు వేలు. కోచ్‌కి అదనంగా ఇచ్చేది ఐదు వేలు. అంటే కోచ్ కన్నా ఆటోకే ఎక్కువ. ఫుట్‌బాల్ గురించి పెద్ద పెద్ద ప్లాన్లు వేసేవాళ్లు ఈ ఆటో లైను మర్చిపోతారు, జట్టు అక్కడే చస్తుంది.

రాబడి గురించి కూడా చెప్పాలి కదా. నెలకి ఆరు వందలు ఫీజు పెట్టాం. అబ్బాయిల తల్లిదండ్రుల్ని మూడుసార్లు అడిగితే గానీ ఇవ్వరు, అమ్మాయిల ఫీజు మాత్రం ఐదో తారీఖులోపు వచ్చేసేది. ఏడాది తిరిగేసరికి పంతొమ్మిది మంది అయ్యారు. ఆ పక్క వీధి పళ్ల డాక్టరమ్మ, మా మగవాళ్ల జట్టు కోసం అడిగితే ఎప్పుడూ నవ్వి పంపించేసే మనిషి, తనంతట తానే పిలిచి అమ్మాయిల జెర్సీలకి డబ్బిచ్చింది. ఈ జట్టు లేకపోతే ఆ డబ్బు మా గుమ్మం తొక్కేదే కాదు. అయినా లోటు లోటే, నెలకి రెండు మూడు వేలు చేతినుంచి పడేది, దాన్ని దాచను.

ఇక తప్పు దగ్గరికి వస్తాను. 2023లో గ్రౌండ్ అద్దె పెంచారు. అదే సమయంలో మా సీనియర్ల మ్యాచ్ ఒకటి గొడవలో ముగిసింది, రిఫరీ మీదకి వెళ్లారు, క్లబ్‌కి జరిమానా పడింది. మీటింగ్‌లో ఎక్కడ తగ్గిద్దాం అన్నారు. నేనే పెన్ను తీసి ఆటో ఆరు వేలు కొట్టేశాను. "రెండు మూడు నెలలే, తర్వాత చూద్దాం" అన్నాను. గొడవ పెట్టుకున్నది ఇరవై అయిదేళ్ల మగాళ్లు, జరిమానా కట్టింది పన్నెండేళ్ల ఆడపిల్లలు. ఆ వారమే పంతొమ్మిది కాస్తా ఆరు అయ్యింది, తర్వాతి నెలకి సున్నా. మా లెఫ్ట్ బ్యాక్ వాళ్లమ్మ క్లబ్ ఇచ్చిన బూట్లు తిరిగి ఇవ్వడానికి వచ్చింది. కడిగి, ఎండబెట్టి, లేసులు విడిగా తీసి ఉతికి, చుట్టచుట్టి లోపల పెట్టింది. ఉంచుకోమ్మా అన్నాను. "ఆడనప్పుడు ఎందుకు సార్" అంది. అంతే, ఇంకో మాట అనలేదు. అననందుకే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

విచిత్రం ఏంటంటే సరిగ్గా అదే కాలంలో, ఇదే పని ఒక పెద్ద క్లబ్ చేసింది. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్‌ఎల్ (మన దేశంలో మగవాళ్ల పెద్ద లీగ్, ఇండియన్ సూపర్ లీగ్) ప్లేఆఫ్, ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరు జట్టు సునీల్ ఛెత్రి, అవతలివాళ్లు సర్దుకోకముందే ఫ్రీకిక్‌ని గబుక్కున కొట్టి గోల్ చేస్తే, కేరళ బ్లాస్టర్స్ జట్టు అభ్యంతరం చెప్పి మైదానం వదిలి వెళ్లిపోయింది. దేశంలో ఫుట్‌బాల్‌ని నడిపే ఫెడరేషన్ ఆ క్లబ్‌కి 4 కోట్ల జరిమానా వేసింది, కోచ్‌కి పది మ్యాచ్‌ల నిషేధం. జూన్‌లో క్లబ్ ఏం చెప్పింది? ఆ జరిమానా భారం వల్ల మహిళల జట్టుని తాత్కాలికంగా ఆపుతున్నాం అని. ఆ జట్టు పెట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ వార్త చదివి నేను నోరారా తిట్టాను, తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయాను. మనం చేసింది ఏంటి మరి?

అందుకే నేను అనేది, ప్రశ్న "లాభమా నష్టమా" కాదు. ఫుట్‌బాల్‌లో మన దేశంలో మగవాళ్ల జట్లు కూడా నష్టంలోనే నడుస్తాయి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. 2022 మార్చిలో గోవాలో అదే బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చారు, కట్టిమణి ఆపిన ఆ మూడు షాట్లు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. రెండేళ్లు తిరగకుండా జీతాలు ఇవ్వలేక ఆటగాళ్లంతా వెళ్లిపోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. అది మహిళల జట్టు మీద తగలేసి మునగలేదు కదా!

ఇప్పుడు కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌ని చూడండి, వందేళ్లు దాటిన క్లబ్, లక్షల్లో అభిమానులు. ఐఎస్‌ఎల్‌లోకి వచ్చాక మొదటి ఐదు సీజన్లలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్‌కి చేరలేదు, ఖర్చు మాత్రం కోట్లలో. 2003-04 తర్వాత ఆ క్లబ్‌కి మళ్లీ జాతీయ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది అమ్మాయిలు, 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచి. గోకులం కేరళ కూడా అంతే. మగవాళ్లు ఐ-లీగ్ (మగవాళ్ల ఇంకో జాతీయ లీగ్) గెలవడానికి ఏడాది ముందే, 2020 ఫిబ్రవరిలోనే అమ్మాయిలు ఆ విమెన్స్ లీగ్ కొట్టారు, తర్వాత ఇంకో రెండుసార్లు. 2021లో జోర్డాన్ వెళ్లి ఆసియా స్థాయిలో ఆడొచ్చారు.

ఖర్చు ఎంతంటారా? ఈ విమెన్స్ లీగ్ పై డివిజన్ క్లబ్బులు కనీసం పది మంది భారత ఆటగాళ్లకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా జీతం ఇవ్వాలని ఫెడరేషన్ 2023లో నిర్ణయం తీసుకుంది. అంటే పదిమందికి 32 లక్షలు. ప్రయాణాలు, క్యాంపు, కోచ్‌లు, విదేశీ ప్లేయర్లు అన్నీ కలిపితే దానికి కొన్ని రెట్లు అవుతుంది, ఒప్పుకుంటాను. అయినా ఐఎస్‌ఎల్‌లో పేరున్న ఒక్క విదేశీ స్ట్రైకర్ జీతం పక్కన ఆ 32 లక్షలు చిల్లర. దేశంలో నంబర్ వన్ అవ్వడానికి ఇంత తక్కువలో దారి ఇంకెక్కడుంది చెప్పండి.

మనవాళ్ల విషయానికొస్తే నాకు కడుపుమంట ఇంకా ఎక్కువ. గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ అమ్మాయి, 2024-25 సీజన్‌కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తనదే. తను పేరు తెచ్చుకున్న క్లబ్బులు ఏవి? గోకులం కేరళ, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, తర్వాత కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్. హైదరాబాద్ నుంచి నిజామాబాద్‌కి బస్సులో నాలుగు గంటలు కూడా పట్టదు. రహీం సాబ్ ఊరు మనది, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారం తెచ్చిన కోచ్ పుట్టిన నేల అని ప్రతి ఫంక్షన్‌లో మైకు పట్టుకుని చెప్పుకుంటాం కదా, ఆ మైకు ఖర్చు ఆటోకి పెట్టినా సరిపోయేది.

"జనం చూడరు" అన్నారు. ఇంగ్లండ్‌లో 1920 క్రిస్మస్ మర్నాడు గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ల మ్యాచ్‌కి 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబర్‌లో, తమ క్లబ్బుల గ్రౌండ్లలో ఆడవాళ్లు ఆడకూడదని అక్కడి అసోసియేషన్ నిషేధం పెట్టింది, అది తొలగడానికి యాభై ఏళ్లు పట్టింది. చూడకుండా తలుపు మూసేసి, జనం చూడరు అంటే ఎలా? మాంచెస్టర్ యునైటెడ్ అంతటి క్లబ్ కూడా 2005లో మహిళల జట్టు ఎత్తేసి, 2018లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకుంది. మధ్యలో పదమూడేళ్లు, ఆ వయసు పిల్లలందరూ పోయినట్టే.

అయితే అందరూ పెట్టేయండి అని నేను అనను. ఉన్న ఆటగాళ్లకే మూడు నెలల జీతం బాకీ ఉన్న క్లబ్ ఫొటోల కోసం మహిళల జట్టు పెట్టకూడదు. పెట్టి తీసేయడం అసలు పెట్టకపోవడం కంటే ఘోరం, నేను చేసి చూశాను. ఇంట్లో ఒప్పించి, బంధువుల సూటిపోటి మాటలు పడి ఆ పిల్లని పంపిన తల్లి రెండోసారి పంపదు. మేము 2024లో మళ్లీ మొదలుపెడితే పాతవాళ్లు పంతొమ్మిది మందిలో వచ్చింది నలుగురే. లెఫ్ట్ బ్యాక్ రాలేదు, స్కూల్లో కబడ్డీలో చేరిపోయిందట.

ఇప్పుడు పద్నాలుగు మంది ఉన్నారు. 2025 జులైలో మన దేశం అమ్మాయిల జట్టు చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి, క్వాలిఫయర్స్ ఆడి ఆసియా కప్‌కి వెళ్లడం మొదటిసారి సాధించింది. రెండు గోల్సూ సంగీత బాస్ఫోర్ కొట్టింది. తర్వాతి ప్రాక్టీసులో ఇద్దరు పిల్లలు "నేనే సంగీత" అంటే "కాదు నేను" అని జుట్లు పట్టుకున్నంత పని చేశారు, కోచ్ విడదీసి ఇద్దర్నీ గోల్‌కీపర్లుగా నిలబెట్టాడు.

మీ క్లబ్ విషయంలో నేను చెప్పగలిగింది ఇంతే. సీనియర్ జట్టుతో మొదలుపెట్టకండి, పన్నెండు పదమూడేళ్ల పిల్లలతో మొదలుపెట్టండి. బంతులు, జెర్సీలు ఎవరైనా ఇస్తారు, అవి చివర్లో చూసుకోవచ్చు. ముందు బాత్రూమ్ ఎక్కడో చూడండి, తర్వాత ఇంటికి ఎలా వెళ్తారో. రెండేళ్ల ఆటో డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసి, దాన్ని తియ్యాలంటే పిల్లల తల్లుల్లో ఒకరి సంతకం కూడా కావాలని రాసుకోండి. మేము ఇప్పుడు అలాగే చేశాం. మొన్న ఫ్లడ్‌లైట్ రిపేరుకి పద్దెనిమిది వేలు తక్కువైతే మా ప్రెసిడెంట్ ఆ ఖాతా వైపు చూశాడు, సంతకం పెట్టాల్సిన ఆవిడ మాత్రం ఫోన్ ఎత్తలేదు. లైట్లు ఇంకా బాగు కాలేదు, మగవాళ్లు ఆరింటికే ఇంటికి పోతున్నారు.