సింగిల్ డిస్క్ కొంటున్నావని తెలిసింది

అమ్మాయీ,

పెద్దనాయన ఆశీస్సులు. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేంది అనుకోవద్దు. కె.ఆర్. పురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రావాలంటే సిల్క్ బోర్డు దగ్గరే పొద్దు గడిచిపోతుంది. ఫోన్లో మాట్లాడితే నాలుగు కోపం మాటలు అనేసి పెట్టేస్తాను, అసలు చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకని కాగితం తీసుకున్నాను.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేశాడు. నువ్వు సూపర్‌వైజర్ ఉద్యోగం మానేసి సొంతంగా కార్పెట్ క్లీనింగ్ పెట్టుకుంటున్నావంట. సెకండ్ హ్యాండ్ సింగిల్ డిస్క్ మెషీన్, అదే కింద ఒకే గుండ్రటి బ్రష్ తిరిగేది, ఒకటి బేరమాడావంట. దానితో పాటు బ్రష్‌ల సెట్టంతా ఉత్తపుణ్యానికే ఇస్తామన్నారంట. మొదటి మాట విని నాకు ఛాతీ నిండిపోయింది. మన ఇంటి ఆడపిల్ల ఈ బెంగళూరులో తన పేరు మీద బిల్లు రాసుకోబోతోందని మీ పెద్దమ్మను లేపి మరీ చెప్పాను. చివరి మాట దగ్గర మాత్రం నాకు నిద్ర ఎగిరిపోయింది. తెల్లవారేదాకా ఆ సెట్టు గురించే ఆలోచించాను.

మెషీన్ సంగతి పెద్దగా చెప్పేది లేదు. 17 అంగుళాలది, నిమిషానికి 150 నుంచి 180 చుట్లు తిరిగేది అయితే సరిపోతుంది. వెయ్యి చుట్లు దాటి తిరిగేది గట్టి నేల పాలిష్‌కు, దాన్ని కార్పెట్ దగ్గరికి రానివ్వొద్దు. వైరు ఎక్కడా అతుకు లేకుండా చూసుకో, హ్యాండిల్ లాక్ పట్టు చూసుకో. అంతే.

నా దిగులంతా దాని కింద తగిలించే వాటి గురించి.

ఉచితంగా ఇచ్చే సెట్టులో ఏముంటాయో చూడకుండానే చెప్పగలను. నల్ల ప్యాడ్ ఉంటుంది, అది నేల మీద పాత పాలిష్ గీకి తీసేది. ఆకుపచ్చది నేల రుద్దేది. ఎర్రది, తెల్లది మెరుపుకు. ఇవన్నీ గట్టి నేల కోసం పుట్టినవి. గట్టి బ్రష్‌లు ఒకటో రెండో ఉంటాయి. కార్పెట్‌కు పనికొచ్చేది ఒక్కటి కూడా లేకపోవచ్చు. ఫ్రీగా వచ్చిందని దాన్నే కార్పెట్ మీద ఎక్కిస్తే మెషీన్ ఖరీదుకు రెండింతలు పరిహారం కట్టాల్సొస్తుంది తల్లీ. నేను కట్టాను. అది తర్వాత చెప్తాను.

నువ్వు కొత్తగా కొనాల్సింది ముందు ఒక షాంపూ బ్రష్. మెత్తటి నైలాన్ కుచ్చులు ఉండాలి, పలకలో నీళ్లు దిగే రంధ్రాలు ఉండాలి. హ్యాండిల్‌కు ట్యాంక్ తగిలించి లివర్ నొక్కితే సబ్బునీళ్లు ఆ రంధ్రాల్లోంచే కుచ్చుల మధ్యకు దిగుతాయి. రంధ్రాలు లేని బ్రష్‌కు ట్యాంక్ పెట్టి ఏం లాభం? నీళ్లు పక్కలకు చిమ్మి గోడలు పాడవుతాయి. పలక వీపున మెషీన్‌కు పట్టే బిళ్ల, క్లచ్ ప్లేట్ అంటారు, అది నీ మెషీన్‌కు సరిపోయేదేనా అని షాపులోనే బిగించి, తిప్పి చూడు. అందుకే మెషీన్ ఆటోలో వేసుకుని షాపుకు పో. కొలతలు రాసుకుని పోయి తెచ్చుకున్నవాళ్లు నాకు తెలిసి ఇద్దరు మళ్లీ వెనక్కి మోసుకుపోయారు.

తర్వాత ప్యాడ్‌ను పట్టి ఉంచే పలక, అదే ప్యాడ్ హోల్డర్, దాని కింద పరిచే గుండ్రటి మెత్తటి గుడ్డ ప్యాడ్లు, అవే బోనెట్లు. బోనెట్లు రెండు కొని సరిపెట్టుకోవద్దు, డజను కొను. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. బోనెట్‌ను మందునీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, హోల్డర్ కింద పరిచి తిప్పుతాం కదా, మురికిని అది తుడుచుకుని తనలో పెట్టుకుంటుంది. ఒక వైపు నల్లబడగానే తిరగెయ్యాలి. రెండో వైపూ నల్లబడితే బకెట్లో వేసి కొత్తది తీయాలి. బోనెట్లు తక్కువైతే ఏం జరుగుతుందో తెలుసా? ఈ మూల మురికి తీసుకుపోయి ఆ మూల పూస్తావు. ఇంకా ఘోరం, అది ఎండిపోయినా అట్లే తిప్పుతావు. ఒకేచోట ఎండు బోనెట్ తిరిగితే రాపిడికి వేడి పుడుతుంది, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు కార్పెట్ అయితే ఆ వేడికి మెరుపు మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. నూలు బోనెట్ నీళ్లు బాగా పీలుస్తుంది కానీ బరువు, కొత్తలో పీచు రాలుతుంది, ఒకసారి ఉతికి వాడు. మైక్రోఫైబర్ తేలిక, ఒంటరిగా పనిచేసే ఆడమనిషి చేతికి అదే సుఖం.

బోనెట్ తీసేది పైపై మురికే. ఈ మాట కస్టమర్‌కు ముందే చెప్పు. లోపలి మట్టి రావాలంటే వేడినీళ్లు పంపి వెనక్కి లాగే మెషీన్ కావాలి. అది నీ దగ్గర లేదు కాబట్టి లేదనే చెప్పు. ఉన్నంతలో, ఎండాక పొడిలా విరిగి వ్యాక్యూమ్‌లో వచ్చేసే షాంపూలు ఉన్నాయి, వాటినే కొను. జిడ్డుగా మిగిలే సబ్బు వాడితే వారానికే కార్పెట్ మళ్లీ నల్లబడి ఫోన్ వస్తుంది.

ఇక ఆ సంగతి. మీ నాయనకు కూడా సగమే తెలుసు.

1998. నేను నీలాగే ఉద్యోగం మాని సొంత కాంట్రాక్టు పట్టుకున్న కొత్త. ఎం.జి. రోడ్డు పక్కన ఒక కంపెనీ పని. నాతో మన ఊరి కుర్రాడు ఒకడుండేవాడు, పంతొమ్మిదేళ్లు. మెషీన్ హ్యాండిల్ దించితే ఎడమకు పోతుంది, లేపితే కుడికి పోతుంది అని చెప్పిన రోజే నేర్చుకున్నాడు. కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసినట్టు ఓపిగ్గా తిప్పేవాడు. ఆ రోజు మధ్యాహ్నం కింద పార్కింగ్‌లో సిమెంటు నేల కడిగాం. దానికి వాడింది గరుకు బ్రష్, నైలాన్ పోగుల్లో గరుకు రేణువులు కలిపి చేసినది. రాత్రికి ఆరో అంతస్తులో బోర్డు రూము. బూడిద రంగు కార్పెట్, చిన్న చిన్న ఉచ్చులుగా అల్లినది.

రెండు బ్రష్‌లదీ ఒకే కొలత, ఒకే నల్ల పలక. కుర్రాడు నీళ్లకు కిందికి పోయాడు. వాడొచ్చేలోగా అని నేనే మెషీన్ వెనక్కి వాల్చి, సగం లైట్ల వెలుతురులో చేతికి దొరికిన బ్రష్ గాడిలో పెట్టి తిప్పాను. టక్కుమని కూర్చుంది. వాడొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

శబ్దం తేడాగా ఉందమ్మా. మెత్తటి బ్రష్ చీపురుతో ఊడ్చినట్టు ఉస్సుమంటుంది. ఆ రాత్రి గరగరమంది. నేను విన్నాను. విని, పొద్దున అయిదుకల్లా ముగించాలి కదా, మెషీన్ మీద బరువు పడిందేమోలే అనుకున్నాను. ఆపి వంగి చూడలేదు. పైనంతా నురగ, కింద ఏం జరుగుతోందో కనబడదు. గదంతా తిప్పేశాం.

పొద్దున తూర్పు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడింది. గదినిండా చుట్లు చుట్లు. ప్రతి చుట్టులోనూ కార్పెట్ పాత కంబళిలా నూగు లేచింది. వంగి వేళ్లతో పట్టుకుంటే పోగులు తెగి చేతిలోకి వచ్చాయి. ఆ పోగులు పట్టుకుని నేను అట్లే కూర్చుండిపోయాను.

మేనేజరు వచ్చాడు. మెషీన్ హ్యాండిల్ కుర్రాడి చేతిలో ఉంది. వాణ్ణి చూసి అరిచాడు. ఎవరు బిగించారు ఈ బ్రష్ అన్నాడు. నేను నోరు తెరిచి అన్న మాట ఇది: "కొత్త కుర్రాడు సార్, చూసుకోలేదు."

వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. తల వంచుకున్నాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

బిల్లు పోయింది, పైన కట్టాల్సింది కట్టాను. మీ పెద్దమ్మ గాజులు రెండు కుదువకు పోయి రెండేళ్లకు తిరిగొచ్చాయి. అది ఆమెకు గుర్తు కూడా లేదిప్పుడు. కుర్రాడు మాత్రం ఆ సాయంత్రమే సంచి సర్దుకుని మదనపల్లె బస్సెక్కాడు. పనిచేసిన రోజుల జీతం కూడా అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత బోయకొండ గంగమ్మ గుడి మెట్ల మీద ఎదురయ్యాడు, భార్యాబిడ్డలతో. "బాగుండావా అన్నా? ఆ మెషీన్ ఉందా ఇంకా?" అని నవ్వుతూ అడిగాడు. ఉంది అన్నాను. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఈ రోజుకూ చెప్పలేదు.

అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. మెషీన్ దించాక బ్రష్ ఎవరికీ కనబడదు. దించేముందు ప్లగ్గు పీకి, వెనక్కి వాల్చి, అరచేత్తో కుచ్చుల మీద నిమురు. చెయ్యి గీసుకుంటే అది కార్పెట్‌కు కాదు. నేల బ్రష్‌ల వీపు మీద ఎర్ర ఆయిల్ పెయింట్ పట్టీ వెయ్యి, నేను ఆ వారమే వేశాను. శబ్దం మారితే ఆపు, గడియారం చూడకు. నీ దగ్గర పనికొచ్చే పిల్లకు బ్రష్ బిగించడం నేర్పు, కానీ తప్పు జరిగిన రోజు "నేను చూసుకోలేదు" అనే మాట నీ నోట్లోంచి ముందు రావాలి. దీని మీద నాతో వాదించొద్దు.

కార్పెట్ దేనితో చేసిందో తెలియకపోతే అంచున ఒక పోగు తీసి వెలిగించు. వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద నలిగితే ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే నైలాన్ లాంటిది. పాలీప్రొపిలీన్ పోగు నీళ్ల మీద తేలుతుంది. ఉన్నికి ఘాటు షాంపూ వద్దు, పీహెచ్ 8 దాటనివ్వకు. తడి తెల్లగుడ్డతో మూల ఒకచోట అద్ది రంగు దిగుతుందేమో చూడు. ఎవరైనా చేత్తో నేసిన ఏలూరు తివాచీయో, వరంగల్ డుర్రీయో చూపించి ఇది కూడా తిప్పేయమంటే ఒప్పుకోవద్దు. వాటిని మెషీన్ కింద పెట్టడానికి చేతులెట్లా వస్తాయి? చేతిపనివాళ్ల దగ్గరికి పంపు.

ఆఫీసుల్లో ఇప్పుడు 50 సెంటీమీటర్ల కార్పెట్ పలకలే ఎక్కువ. అంచు లేచిన పలక ఉంటే ముందే నొక్కి చూసుకో, లేకపోతే బ్రష్ పట్టుకుని లేపేస్తుంది. నీళ్లు ఎక్కువైతే కింది జిగురు వదులుతుంది. ముందు వ్యాక్యూమ్, బాగా. వానాకాలం ఇక్కడ ఆరడం ఆలస్యం, రెండు బ్లోయర్లు లేకుండా శుక్రవారం రాత్రి పని ఒప్పుకోకు. ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు వాసన పట్టుకుంటుంది.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ సన్నటిది వద్దు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మూడు పిన్నులు. ఎస్.జె.పి. రోడ్డులో దొరుకుతుంది, నేను తెచ్చిస్తాను. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బాక్సు ఒకటి నీతోనే మోసుకుపో. తడి కార్పెట్ మీద నిలబడి చేసే పని ఇది. ఆఫీసులు రాత్రిపూటే పనిస్తాయి. ఒక్కదానివే పోవద్దు. ఏ బిల్డింగ్‌కు పోతున్నావో, ఎవరు తాళం తీస్తారో మీ పెద్దమ్మకు మెసేజ్ పెట్టి పో. ఆమె నిద్రపోయినా నేను మేలుకునే ఉంటాను.

ఇంకొకటి. పని అయ్యాక మెషీన్‌ను బ్రష్ మీద నిలబెట్టి పెట్టొద్దు. తెల్లారేసరికి కుచ్చులు ఒక పక్కకు వాలిపోయి, మర్నాడు మెషీన్ కుంటుతుంది. బ్రష్ ఊడదీసి, కడిగి, గోడకు తగిలించు. నీ ఇంట్లో వెనక బాల్కనీ గోడ సరిపోతుంది. మేకులు, డ్రిల్లు నేను తెస్తాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరతాను. నా దగ్గర ఉచ్చుల కార్పెట్ ముక్క ఒకటుంది, మంచమంత. దాని మీద నీ చేత తిప్పిస్తాను, చెవితో వినడం నేర్పిస్తాను. పెద్దమ్మ చింతకాయ పచ్చడి పంపుతోంది. ఆ ఫ్రీ సెట్టు పెట్టె నేనొచ్చేదాకా తెరవొద్దు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ నిమిరి చూద్దాం.

మీ పెద్దనాయన